'ఎ మాన్‌స్టర్ కాల్స్' చదివినోళ్ళు ఉన్నారా? పదమూడేళ్ళ పిల్లోడికి ఇవ్వచ్చా? (కథ చివరిదాకా మాట్లాడుకుంటాం, చదవబోయేవాళ్ళు జాగ్రత్త)

మంగళం_చిన్నమ్మ, తిరుపతి:

అందరికీ నమస్తే. పాట్రిక్ నెస్ రాసిన 'ఎ మాన్‌స్టర్ కాల్స్' పోయిన వారం రెండు రాత్రుల్లో చదివేసినా, ఇంకా దాంట్లోనించి బయటికి రాలేకుండా ఉన్నా. 2011లో వచ్చింది, పిల్లల పుస్తకం కదా తొందరగా అయిపోతుందిలే అనుకోని మొదలుపెట్టినా. కోనార్ అని పదమూడేళ్ళ పిల్లోడు, వాళ్ళమ్మకి క్యాన్సర్, నాన్న వేరే పెళ్ళి చేసుకోని అమెరికాలో ఉంటాడు. ఇంటి వెనక గుట్ట మీద చర్చి, ఆ సమాధుల మధ్య యూ అనే జాతి పాత చెట్టు ఒకటి. అర్ధరాత్రి పన్నెండూ ఏడుకి ఆ చెట్టు మనిషి ఆకారంలో లేచి నడుచుకుంటా వచ్చి, నీకు మూడు కథలు చెప్తా, నాలుగోది నువ్వు చెప్పాల, అది నిజం అయ్యుండాల అంటాది. పిల్లోడు భయపడడు! అక్కడే నా గుండె జారిపోయింది. ఎందుకంటే వాడికి రోజూ రాత్రి దీనికంటే ఘోరమైన కల ఒకటి వస్తా ఉంది, ఆ కల ముందు ఈ రాక్షసుడు ఎంత.

ఇప్పుడు అసలు విషయం. మా అక్కకి రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తా ఉంది, డాక్టర్లు మందుకి బాగానే లొంగుతా ఉందని చెప్తా ఉన్నారు. వాళ్ళబ్బాయి ఎనిమిదో తరగతి, వాడికీ పదమూడే, ఆస్పత్రి తిరుగుళ్ళ వల్ల మా ఇంట్లోనే ఉండి చదువుకుంటా ఉన్నాడు. వాడికి మేమెవరం ఏమీ చెప్పలేదు. అమ్మకి రక్తం తక్కువగా ఉంది, టానిక్ ఎక్కిస్తా ఉన్నారు, అంతే. అక్క జుట్టు రాలిపోయినాక మా అమ్మ ఏం చెప్పిందంటే, అమ్మ మొక్కు తీర్చుకోను కొండకి పోయి గుండు కొట్టించుకోనింది అని. వాడు సరే అన్నాడు. రెండు రోజులు ఆగి నేను వంటింట్లో ఉంటే వచ్చి మెల్లిగా అడిగినాడు, "చిన్నమ్మా, కొండలో గుండు చేయించుకుంటే గంధం పూస్తారు కదా, అమ్మకి ఎందుకు పూయలేదు?"

వాడి పుట్టువెంట్రుకలు కళ్యాణకట్టలోనే తీసినాం, వాడికి తెలీనిదా. నేను స్టవ్ వైపు తిరిగేసినా, జవాబు చెప్పలేదు.

ఈ పుస్తకం వాడికి ఇవ్వాలని ఉంది, ఇవ్వాలంటే భయంగానూ ఉంది. చదివినోళ్ళు చెప్పండి. ఇంకోటి కూడా, ఆ రాక్షసుడు కోనార్‌కి నిజంగా మేలు చేసినట్టా? వాడితో అవ్వ ముందు రూమంతా పగలగొట్టిస్తాడు, స్కూల్లో పిల్లోడిని కొట్టిస్తాడు, ఇదేం సాయం?

---

గాంధీరోడ్డు_చదువరి, చిత్తూరు:

మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటానమ్మా. నేను ఈ పుస్తకం మూడుసార్లు చదివినాను, మొదటిసారి నాకూ మీలాగే అనిపించింది. కానీ ఆ మూడు కథలు ఒకటి తర్వాత ఒకటి పెట్టుకుని చూడండి. మొదటి కథలో మంత్రగత్తె రాణి, మంచి యువరాజు, చచ్చిపోయిన పల్లెటూరి అమ్మాయి. మనం చిన్నప్పట్నించి విన్న కథల లెక్కలో రాణే చంపుంటుంది, సవతి అంటే చెడ్డది కాబట్టి. రాక్షసుడు మాత్రం రాణిని జనం చేతికి చిక్కకుండా ఎత్తుకుపోయి కాపాడతాడు. ఆమె మంత్రగత్తే, అందులో అబద్ధం లేదు, కానీ ఆ అమ్మాయిని చంపింది యువరాజు. కోనార్‌కి ఒళ్ళు మండుతుంది, మరి మంచోడెవడు ఇందులో అంటాడు. రెండోదాంట్లో నాటువైద్యుడు, చర్చి పాస్టరు. యూ చెట్టు మందు కోసం ఇవ్వమంటే పాస్టరు ఇవ్వడు, ఊళ్ళో జనాన్ని కూడా వైద్యుడి దగ్గరికి పోనివ్వకుండా చేస్తాడు, తీరా తన కూతుళ్ళు మంచాన పడితే చెట్టు తీసుకో, నేను నమ్మిందంతా వదిలేస్తా, పిల్లల్ని బతికించు అంటాడు. రాక్షసుడు కూల్చేది పాస్టరు ఇంటినే. ఆ కూల్చడంలో కోనార్ కూడా చెయ్యేస్తాడు, మెలకువ వచ్చి చూస్తే అవ్వ ముందు రూములో ఆమె ప్రాణంలా చూసుకునే పాత గడియారంతో సహా ఏదీ మిగల్లేదు.

నాకు అర్థమైంది ఏంటంటే వాడి కోపం ఎవరి మీద పెట్టాలో వాడికి తెలీదు. వాళ్ళమ్మ మీద పెట్టలేడు కదా. అంత చేసినా ఎవరూ ఒక్క మాట అనరు, నాన్న వచ్చి కూడా ఏమీ అనడు, నిన్ను శిక్షించి ఏం లాభం అన్నట్టు చూస్తారు. పిల్లోడికి అది దెబ్బ కంటే ఎక్కువ నొప్పి. నేను పదిహేనేళ్ళుగా స్కూల్లో పాఠాలు చెప్తా ఉన్నాను, ఇంట్లో కష్టం ఉందని తెలిసిన పిల్లల్ని మేము తిట్టడం మానేస్తాం, హోంవర్క్ అడగం, పాపం అనుకుంటాం. వాళ్ళు మెల్లిగా క్లాసులో కనిపించకుండా పోతారు. మూడో కథలో కనిపించని మనిషి గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు అట్లానే కూర్చున్నా.

ఇవ్వండి. కానీ ఒక్కడికే ఇచ్చి తలుపు వేసేయకండి, పక్కన కూర్చుని చదవండి.

---

పలమనేరు_అన్న:

నేను ఒప్పుకోను. మంచి పుస్తకం, కాదనను, కానీ మనం మాట్లాడేది పుస్తకం గురించి కాదు, పిల్లోడి గురించి. ఆ కథలో వాళ్ళమ్మ చనిపోతుంది. మందులన్నీ అయిపోయి చివరి మందు కూడా పనిచేయక చనిపోతుంది. మీ అక్కకి మందు పనిచేస్తా ఉంది అని మీరే చెప్తా ఉన్నారు కదమ్మా. వాడికి ఇప్పుడు మీరు ఏ పుస్తకం చేతిలో పెట్టినా వాడు దాన్ని కథలాగా చదవడు, చిన్నమ్మ నాకు ఈ పుస్తకం ఎందుకిచ్చింది అని చదువుతాడు. ఓహో, మా అమ్మ కూడా ఇంతే అని చెప్పలేక ఇట్లా చెప్తా ఉన్నారు అనుకుంటాడు. తగ్గబోయే జబ్బుకి వాడి మనసులో చావు రాసిపెట్టినట్టు అవుతుంది.

ముందు అబద్ధం సరిచేయండి. పుస్తకం ఎక్కడికీ పోదు. అక్కకి నయమైనాక ఇద్దరూ కలిసి చదువుకుంటారు.

---

నైట్‌డ్యూటీ_అక్క, తిరుపతి:

అన్న చెప్పింది నిజం, ముందు అబద్ధం సంగతి చూడండి. నేను కీమో వార్డులో నర్సుని. పుస్తకంలో వాళ్ళమ్మకి చివర్లో ఇచ్చే మందు యూ చెట్ల నుంచి చేసింది అని వస్తుంది కదా, అది కల్పన కాదు. మేము రోజూ ఎక్కించే పాక్లిటాక్సెల్ అట్లా పుట్టిందే, పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికింది. దాని నిర్మాణం తేల్చి 1971లో బయటపెట్టిన ఇద్దరిలో ఒకాయన మన్సుఖ్ వాణి, మన మహారాష్ట్రలో పుట్టినాయన, రెండో ఆయన మన్రో వాల్. మందుగా అమెరికాలో అనుమతి రావడానికి 1992 అయింది. విషం చెట్టు అది, ఎర్రపండు పైకండ తప్ప అంతా విషమే, గింజతో సహా. కోనార్ కూడా ఇదే పట్టుకుంటాడు, చెట్టు లేచి వచ్చింది అమ్మని బతికించడానికే అని. ఆ ఆశ చదివేటప్పుడు నాకు చేతులు చల్లబడినాయి, మా వార్డులో ఆ ఆశ రోజూ చూస్తాను కాబట్టి. మన ఇళ్ళ ముందు పూచే బిళ్ళగన్నేరు నుంచి కూడా విన్‌క్రిస్టిన్ అని మందు వస్తుంది, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడతాం. (ఎవరో చెప్పారని ఆకులు నూరి తాగకండి దయచేసి, అట్లా చేసి వచ్చినోళ్ళని చూసినాను.)

పిల్లోడికి ఇట్లాంటివి చెప్పండి. పిల్లలకి జబ్బు పేరు, మందు పేరు, అది ఎట్లా పనిచేస్తుందో చెప్తే భయం తగ్గుతుంది, పట్టుకోడానికి ఏదో ఒకటి దొరుకుతుంది వాళ్ళకి. మీ అక్కకి పాక్లిటాక్సెల్ మొదలుపెడితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కాఫీ గ్లాసు జారిపోవచ్చు, జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోవచ్చు. ముందే వాడికి చెప్పి ఉంచండి, లేకపోతే గ్లాసు పగిలిన రోజు వాడు ఏమేం ఊహించుకుంటాడో మీకు తెలీదు.

---

రేణిగుంట_ప్యాసింజర్:

ఇది ఎక్కడా రాయలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. మా అమ్మ పోయేటప్పటికి నేను ఇంటర్ సెకండియర్. వేలూరుకి తిప్పినాం ఏడాదిన్నర. ఆఖరి నెల్లో ఒక రాత్రి వార్డు బయట వరండాలో చాప వేసుకోని పడుకోనుంటే లోపల అమ్మ మూలుగుతా ఉంది, నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్ దిగిపోయింది, ఇంకోటి ఇవ్వడానికి టైం కాలేదు. నాన్న లేచి లోపలికి పోయినాడు. నేను పోలేదు. కళ్ళు మూసుకోని తెల్లారేసరికి అయిపోతే బాగుండు అనుకున్నా. ఎవరికోసం అనుకున్నానో ఇప్పటికీ తెలీదు, అమ్మ నొప్పి పోవాలనా, నేను ఇంటికి పోయి నా మంచం మీద పడుకోవాలనా. అమ్మ ఆ రాత్రి పోలేదు, పదకొండు రోజుల తర్వాత పోయింది. పదహారేళ్ళు ఆ మాట నా దగ్గరే పెట్టుకున్నా. నేను అనుకోబట్టే పోయింది అని లోపల ఒక మూల ఉండిపోయింది, లెక్కల లెక్చరర్‌ని, బుద్ధికి అది తప్పని తెలుసు, కానీ పోదు.

నాలుగో కథ చదివినాను కదా. కోనార్ కలలో అమ్మ లోయలోకి జారిపోతా ఉంటే చెయ్యి పట్టుకోని ఉంటాడు, వదిలేస్తాడు. ఇంకాసేపు పట్టుకోగలిగుండీ వదిలేస్తాడు. రాక్షసుడు వాడితో అది చెప్పించేదాకా విడిచిపెట్టడు. చెప్పినాక వాడిని చంపడు, తిట్టడు, అమ్మ బతకాలనీ అనుకున్నావు, ఇదంతా అయిపోవాలనీ అనుకున్నావు, రెండూ నిజమే అన్నట్టు మాట్లాడతాడు. రైల్లో చదివినా ఆ పేజీ, రేణిగుంట దాటిపోయింది, దిగలేదు.

అమ్మా, మీ పిల్లోడికి పుస్తకం ఇవ్వండి ఇవ్వకపోండి, కానీ వాడి మనసులో కూడా ఇట్లాంటిది ఒకటి ఉండొచ్చు. విసుగు, కోపం, ఎప్పుడు మా ఇంటికి పోతాం అని. అది తప్పు కాదని ఎవరైనా ఒకరు వాడికి చెప్పాల. నాకు చెప్పినోళ్ళు లేరు.

---

తాతయ్యగుంట_వీధి, తిరుపతి:

రేణిగుంట తమ్ముడూ, రాసినందుకు దండం.

నాది వేరే మాట. మాన్‌స్టర్ అనేదాన్ని తెలుగులో ఏమనాల అని చదివినంతసేపూ ఆలోచించినా. రాక్షసుడు అంటే చంపాల్సినోడు. దయ్యం అంటే తిరిగొచ్చిన మనిషి. చింతచెట్టు మీద దయ్యం ఉంటుందని మా జేజి సాయంత్రం ఆ పక్కకి పోనిచ్చేది కాదు, కానీ వేపచెట్టు కింద అమ్మ ఉంటుందని పసుపు పూసేది. ఈ యూ చెట్టు నాకు ఆ రెండోదానిలాగే అనిపించింది. మన తిరుపతి గంగమ్మ జాతరలో విశ్వరూపం చూసినోళ్ళకి ఇది కొత్త కాదు. జాతర ఆఖరి రాత్రి గుడి ముందు ఆ మట్టి రూపం ఎంత భయంకరంగా ఉంటుంది, పిల్లలు ఏడుస్తారు, అయినా ఆ రూపం చెంప తీయగానే ఆ మట్టి కోసం జనం ఎట్లా మీద పడతారో తెలుసు కదా, ఇంట్లో పెట్టుకుంటే ఒంటికి మంచిదని. భయపెట్టేది, కాపాడేది ఒకటే.

ఇంకోటి, గాంధీరోడ్డు సార్ కోపం గురించి చెప్పినారు. అదే జాతరలో బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లగా పూసుకోని పిలకాయలు పెద్దోళ్ళని నోటికొచ్చినట్టు బూతులు తిడతారు, ఎవరూ ఏమనరు, అది అమ్మవారి మొక్కు. చిన్నప్పుడు నేనూ వేసినా. మా నాయన కొట్టే దెబ్బలకి ఏడాదంతా లోపల పెట్టుకున్నదంతా ఆ రోజు వీధిలో అరిచేసినా, గొంతు పోయింది, రాత్రి హాయిగా నిద్రపట్టింది. కోనార్ అవ్వ ఇల్లు పగలగొట్టింది నాకు అట్లానే కనిపించింది. వాడి ఊళ్ళో జాతర లేదు, అంతే.

---

కాణిపాకం_బస్సు:

సినిమా కూడా ఉంది, 2016లో వచ్చింది, బయోనా డైరెక్టరు, చెట్టుకి లియమ్ నీసన్ గొంతు. కథలు వచ్చే చోట రంగులు నీళ్ళల్లో కరిగినట్టు బొమ్మలు, బాగుంటాయి. కానీ పుస్తకంలో జిమ్ కే వేసిన నలుపు తెలుపు బొమ్మలే నాకు ఇష్టం. ఆ బొమ్మలున్న కాపీనే కొనండి. ఇంకో విషయం, ఈ కథ మొదట అనుకున్నది శివాన్ డౌడ్ అనే రచయిత్రి. ఆమె 2007లో రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది, పూర్తిగా రాయకుండానే. ఆమె వదిలిన ఆలోచన తీసుకోని నెస్ రాసినాడు. 2012లో బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకి ఇచ్చే బహుమతులు, రచనకి కార్నెగీ మెడల్, బొమ్మలకి గ్రీనవే మెడల్ రెండూ ఒకే పుస్తకానికి రావడం అదే మొదటిసారి.

---

మంగళం_చిన్నమ్మ, తిరుపతి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. అయిదు రోజులైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

పలమనేరు అన్న మాటే విన్నా, పుస్తకం ఇవ్వలేదు. మొదట అక్కతో మాట్లాడినా. అక్క చాలాసేపు ఏడ్చి, నువ్వే చెప్పు, నేను చెప్తే వాడు నా ముందు ధైర్యంగా ఉండాలని చూస్తాడు అనింది. ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తా వాడితో చెప్పినా. గుండు మొక్కు కాదు నాయనా, మందు వల్ల రాలిపోయింది, మళ్ళీ వస్తుంది అన్నా. జబ్బు పేరు కూడా చెప్పినా. వాడు చేతిలో క్లిప్పులు పట్టుకోని నిలబడి "తెలుసు" అన్నాడు. ఎట్లా తెలుసు అంటే, అమ్మ మనింట్లో ఉన్నప్పుడు స్నానం చేసి వచ్చినాక బాత్రూం జాలీలో జుట్టు ముద్దలు ముద్దలుగా ఉండేదంట. అమ్మ మళ్ళీ లోపలికి పోతే చూస్తాదని వీడు పోయి తీసి పేపర్లో చుట్టి బయట పారేసేవాడంట. ఒకసారి కాదు, రోజూ.

మేము వాడి దగ్గర దాచినాం, వాడు వాళ్ళమ్మ దగ్గర దాచినాడు.

నైట్‌డ్యూటీ అక్కా, మీరు చెప్పిన మందు సంగతి, వాణి గారి సంగతి చెప్పినా. చెట్టు బెరడు నుంచా అని రెండుసార్లు అడిగినాడు. అక్కకి వచ్చే నెల నుంచి అదే మందంట. వేళ్ళ తిమ్మిరి గురించి కూడా చెప్పేసినా. నిన్న స్టీలు గ్లాసులన్నీ కింది అరలో పెట్టి, గాజువి వాడే పైకెత్తేసినాడు.

పుస్తకం బీరువా మీదే ఉంది. కానీ రేణిగుంట తమ్ముడు రాసింది చదివినాక ఊరుకోలేక, నిన్న రాత్రి కరెంటు పోతే మొదటి కథ ఒక్కటి నోటితో చెప్పినా, ఏ పుస్తకంలోదో చెప్పకుండా. రాణిని చెట్టు కాపాడింది అనగానే లేచి కూర్చున్నాడు, అదెట్లా, ఆమె మంత్రగత్తె కదా అని కోనార్ లాగే పోట్లాడినాడు నాతో. తర్వాత చీకట్లోనే, "రేపు ఇంకోటి చెప్తావా, అమ్మ కూడా వినాల" అన్నాడు. రేపు అక్క వస్తా ఉంది. రెండో కథ చెప్పాలంటే నాకే గొంతు పట్టేసేటట్టు ఉంది, ఆ పాస్టరు కూతుళ్ళ దగ్గర ఎట్లా దాటాలో గాంధీరోడ్డు సార్, మీరు క్లాసులో చెప్పుంటారు కదా, వీలైతే ఈ రాత్రికే రాయండి.