మిర్చి కమీషన్ షాపుకి ట్యాలీ కస్టమైజేషన్: బయటి కన్సల్టెంట్‌ని ఎలా తేల్చుకోవాలి?

యార్డు అబ్బాయి (గుంటూరు):

అందరికీ నమస్కారం. మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపు, నాన్నగారు పెట్టింది. ఒక కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్‌లో వాటా కూడా ఉంది. లెక్కలన్నీ ట్యాలీలోనే చేస్తాం కానీ తక్‌పట్టీలు (రైతుకి అమ్మకం లెక్క రాసిచ్చే చీటీలు) మాత్రం ఇప్పటికీ చేత్తోనే రాస్తున్నాం. రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఒక్కో టిక్కీ తూకం, రకం, రేటు, హమాలీ, కాటా కూలి, కమీషన్, మేమిచ్చిన అడ్వాన్సు, దాని వడ్డీ... ఇవన్నీ సాయంత్రం గుమాస్తా మళ్లీ ట్యాలీలో ఎక్కించాలి. సీజన్‌లో రాత్రి పదకొండు దాటుతోంది.

పోయిన మార్చిలో ఒకే పేరున్న ఇద్దరు రైతుల ఖాతాలు కలిసిపోయాయి. ఒకాయన బాకీ ఇంకొకాయన పట్టీలో కోసేశాం. ఆ పెద్దాయన గొడవ పడలేదు. పట్టీ బల్ల మీద పెట్టి, దాని మీద వేలు ఆనించి అలాగే నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు సరిచేసి డబ్బు ఇచ్చేశాం కానీ ఆ రోజే అనుకున్నాను, పట్టీ కొట్టగానే లెక్క దానంతటదే ట్యాలీలో పడాలని.

ముగ్గురిని అడిగాను. ఒకాయన ఫోన్‌లోనే 60 వేలు చెప్పేశాడు. రెండో ఆయన విజయవాడ నుంచి వచ్చి ల్యాప్‌టాప్‌లో గంటసేపు డెమో చూపించి 1,75,000 అన్నాడు. మూడోది హైదరాబాద్ కంపెనీ. ట్యాలీయే వద్దు, మొత్తం ఈఆర్‌పీకి (కొనుగోలు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) మారండి, 6 లక్షలు అన్నారు. ఎవరు పనివాళ్లో ఎలా తెలుస్తుంది? డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. సీజన్ మధ్యలో ఆగిపోతే రైతులకు మొహం చూపించలేం. అదే టెన్షన్.

ఆటోనగర్ స్పేర్స్ (విజయవాడ):

తమ్ముడూ, ముందు నాకు జరిగింది విను. 2019లో ఒకతనితో ట్యాలీలో బిల్లింగ్ మార్పించాను. పార్ట్ నంబర్ కొడితే బండి మోడలు, రేటు, పన్ను అన్నీ వచ్చేవి. దాదాపు ఆరేళ్లు హాయిగా నడిచింది. 2025 సెప్టెంబర్ 22న ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా. ఆ రోజు పొద్దున మొదటి బిల్లు కొడితే 28 శాతమే పడింది. స్టాక్ ఐటెమ్‌లో 18 అని మార్చాను, అయినా 28 వస్తోంది. మాస్టర్‌లో ఉండాల్సిన రేటుని అతను ప్రోగ్రామ్ లోపలే రాసేశాడని అప్పుడు తెలిసింది.

అతనికి ఫోన్ చేస్తే ఆ నంబరే లేదు. ఇంకో అతన్ని పిలిచాను. నా కంప్యూటర్ చూసి, "మీ దగ్గర టీసీపీ ఫైలే ఉందండీ, టీడీఎల్ సోర్స్ లేదు" అన్నాడు. టీడీఎల్ అంటే ట్యాలీలో మార్పులు రాసే భాష, సోర్స్ అంటే అందులో రాసిన అసలు కోడ్. టీసీపీ అంటే తయారైన ఫైల్, వాడుకోవచ్చు గానీ తెరిచి మార్చుకోలేం. అది తీసేస్తే నా బిల్లు ఫార్మాటే పోతుంది. షాపులో మెకానిక్కులు క్యూలో ఉంటే మూడు రోజులు మామూలు ట్యాలీ బిల్లు పెట్టి, పార్ట్ నంబర్లు చేత్తో రాసిచ్చాం. మొత్తం మొదటి నుంచి మళ్లీ రాయించుకున్నాను.

అందుకే చెప్తున్నా, డబ్బు మాట్లాడేటప్పుడే అడుగు: సోర్స్ ఫైల్ నాకిస్తావా? పని అయ్యాక ఇస్తానంటే ఒప్పుకోకు. ఆఖరి వాయిదా డబ్బు పెన్ డ్రైవ్ చేతికొచ్చాకే ఇవ్వు.

బ్రాడీపేట మెడికల్ (గుంటూరు):

60 వేలు చెప్పినాయన యార్డుకి వచ్చి చూశాడా?

యార్డు అబ్బాయి:

లేదన్నా. "ఇలాంటివి చాలా చేశాం, వాట్సాప్‌లో ఒక పట్టీ ఫొటో పంపండి చాలు" అన్నాడు.

జిన్నింగ్ మిల్లు అకౌంటెంట్ (గుంటూరు):

నేను పత్తి మిల్లులో 14 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మేము మూడేళ్ల కిందట కన్సల్టెంట్‌ని ఎంచుకున్న తీరు చెప్తాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాను: "మేం పత్తి కొంటే ఎంట్రీ ఎలా పడుతుంది?" ఇద్దరు వెంటనే, "పర్చేజ్ వోచర్ అండీ, కట్టిన 5 శాతం పన్ను ఇన్‌పుట్‌గా వెనక్కి వస్తుంది" అన్నారు. మూడో ఆయన పెన్ను కింద పెట్టి, "రైతు దగ్గర కొంటారా, వ్యాపారి దగ్గరా?" అని నన్నే అడిగాడు. మొత్తం తేడా అక్కడే ఉంది. రైతు దగ్గర ముడి పత్తి కొంటే పన్ను కట్టాల్సింది మేమే, రివర్స్ ఛార్జ్ కింద. 2017 నవంబర్ 15 నుంచి అలా ఉంది. వ్యాపారి అయితే ఆయనే బిల్లులో పన్ను వేస్తాడు. ఈ ముక్క తెలియనివాడు చేసిన సాఫ్ట్‌వేర్ చూడటానికి ఎంత బాగున్నా, నెలాఖరున రిటర్న్ వేసేటప్పుడు నా మెడకే చుట్టుకుంటుంది.

మీకు రివర్స్ ఛార్జ్ గొడవ లేదు, ఎండు మిర్చి ఆ లిస్టులో లేదు. కానీ మీకూ అలాంటి ప్రశ్నలున్నాయి. ఒకే రైతు లాట్‌లో తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) వేరు చేస్తే రెండు రేట్లు పడతాయి కదా, పట్టీ ఒకటా రెండా? కొనేవాడు మచ్చు (శాంపిల్) చూసి రేటు ఒప్పుకుని, కాటా దగ్గర తడి ఉందని తగ్గిస్తే ఆ తేడా ఎక్కడ రాస్తారు? రైతు అడ్వాన్సు ఒక సీజన్‌లో తీరకపోతే వడ్డీ ఏ తేదీ నుంచి? ఇవన్నీ మీరే ముందుగా చెప్పేయకండి. వాళ్లు అడుగుతారేమో చూడండి. అడిగినవాడికి సగం మార్కులు అక్కడే వేయొచ్చు.

ఆ మూడో ఆయన ఇంకో పని చేశాడు. రెండో రోజు పొద్దున ఆరున్నరకే వచ్చి వే బ్రిడ్జి గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఉన్నాడు. లారీ లోడుతో తూగి, ఖాళీ తూకం వేయకుండా డ్రైవరు టీకి వెళ్లిపోవడం, మావాడు నిన్నటి ఖాళీ తూకమే వేసేయడం ఆయన కంట్లో పడింది. ఎనిమిదేళ్లుగా జరుగుతున్నా మాకే తెలియదు. తర్వాత ఆయన పెట్టిన మొదటి మార్పు అదే: రెండో తూకం లేకుండా చీటీ ప్రింటవ్వదు.

పాత క్లయింట్లకు ఫోన్ చేసినప్పుడు "బాగా చేశాడా" అని అడక్కండి. ఎవరైనా బాగానే చేశాడంటారు. "ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చేశారు, ఎంతసేపటికి ఎత్తాడు? మొన్న జీఎస్టీ రేట్లు మారినప్పుడు డబ్బు అడిగాడా? మీ గుమాస్తా ఆయన సాయం లేకుండా కొత్త ఐటెమ్ ఎక్కించగలడా?" అని అడగండి. వీలైతే ఓనర్‌తో కాదు, అక్కడి గుమాస్తాతో మాట్లాడండి.

వస్త్రలత హోల్‌సేల్ (విజయవాడ):

ఈఆర్‌పీ చెప్పిన కంపెనీ గురించి నాదొక మాట. మేము ఓడూ అనే ఈఆర్‌పీ పెట్టాం. సాఫ్ట్‌వేర్ మంచిదే, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ మొదట చేసినవాళ్లు మా చీరల డిజైన్ నంబర్లు, కట్టల లెక్క కోసం దాని అసలు కోడ్‌లోనే చేతులు పెట్టారు. ఓడూకి ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, వచ్చినవాటిలో చివరి మూడింటికే వాళ్ల సపోర్టు ఉంటుంది. మేము మారదామనుకునేసరికి మార్చినవన్నీ విరిగిపోయాయి. రెండోవాళ్లు వచ్చి అవే పనులు విడి మాడ్యూల్స్‌గా రాశారు, ఇప్పుడు ఇబ్బంది లేదు. 6 లక్షలు చెప్పినవాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: మా మార్పులు అసలు కోడ్‌లో చేస్తారా, పక్కన వేరుగా పెడతారా?

టీడీఎల్ రాసేవాణ్ణి (విజయవాడ):

నేను 11 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. పైన అందరూ చెప్పినవి నిజమే. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

సగం ప్రాజెక్టులు చెడేది కోడ్ రాక కాదు. షాపులో అబ్బాయి ఒకటి చెప్తాడు, నాన్నగారు ఇంకొకటి, గుమాస్తా మూడోది. కట్టి పూర్తయ్యాక "మాకిలా కాదండీ" అంటారు. మీ ఇంట్లో ఎవరి మాట ఆఖరుదో ముందు తేల్చుకుని, ఆ ఒక్కరే మాట్లాడండి. కోరేవన్నీ రెండు పేజీల్లో తెలుగులోనే రాసి, ప్రతిదాని పక్కన ఒక నిజం పట్టీ జత చేయండి. అలా ఇచ్చినవాళ్లకి నేను తక్కువ రేటుకే చేస్తాను, ఎందుకంటే నాకు మళ్లీ మళ్లీ చేసే పని తప్పుతుంది.

ఇంకోటి. ముగ్గురిలో ఎవరో తెలియకపోతే మొత్తం పని ఇవ్వకండి. ఒక్క తక్‌పట్టీ వరకు, డబ్బిచ్చి చేయించండి. ఉచితంగా అడిగితే పాతది ఏదో తెచ్చి రంగు మార్చి చూపిస్తారు. పోయిన సీజన్‌లో బాగా రద్దీగా ఉన్న ఒక రోజు పట్టీలన్నీ ఇచ్చి, ఆ రోజు చిట్టా మొత్తంతో పైసా తేడా లేకుండా రావాలని చెప్పండి. డెమోలో పది పట్టీలు ఎవరైనా నడిపిస్తారు.

పని మధ్యలో "ఇది కూడా పెట్టండి" అని మీరు అడిగేవి తప్పకుండా ఉంటాయి. అలాంటివాటికి గంటకింతనో, పనికింతనో రేటు ముందే రాసుకోండి. గొడవలు అక్కడే మొదలవుతాయి.

అరండల్‌పేట ఆడిటర్ (గుంటూరు):

కాగితాల సంగతి నేను చెప్తాను.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ప్రోగ్రామ్ కూడా ఒక రచనే. మీ జీతగాడు రాస్తే అది మీది. బయటివాడు రాస్తే, మీరు డబ్బిచ్చినా సరే, రాతపూర్వకంగా మీకు బదిలీ చేస్తే తప్ప హక్కు అతనిదే. ఆ బదిలీలో ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. సోర్స్ చేతికి రావడం ఒకటి, హక్కు రావడం ఒకటి. రెండూ ఒప్పందంలో రాయించుకోండి.

మీ కమీషన్ షాపుకి వర్తించకపోయినా, కోల్డ్ స్టోరేజీ కంపెనీ కాబట్టి దానికి ఇంకో నియమం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీ మార్పూ ఏ తేదీన జరిగిందో నమోదు కావాలి, ఆ నమోదుని ఆపేసే వీలు ఉండకూడదు. పాత ఎంట్రీ జాడ లేకుండా మార్చుకునే బటన్ పెడతానని గొప్పగా చెప్పే కన్సల్టెంట్లని నేను చూశాను. అలాంటివాణ్ణి ఆ రోజే పంపించేయండి.

టర్నోవర్ 5 కోట్లు దాటితే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ ఉంది. మీరు కొనేవాళ్లకు వేసే బిల్లులు దాని కిందికి వస్తే, కొత్త ఫార్మాట్‌లో ఐఆర్ఎన్ (ప్రభుత్వ పోర్టల్ బిల్లుకిచ్చే నంబరు), క్యూఆర్ కోడ్ సరిగ్గా వస్తున్నాయో లేదో ట్రయల్‌లోనే చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, డేటా. రైతుల బాకీలు, బ్యాంకు నంబర్లు ఉన్న అసలు బ్యాకప్ ఎవరి ల్యాప్‌టాప్‌లోకీ వెళ్లనివ్వకండి. పేర్లు మార్చిన కాపీ ఇవ్వండి. ఎనీడెస్క్‌లో (దూరం నుంచి మీ కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) పని చేస్తుంటే మీ మనిషి ఎదురుగా కూర్చోవాలి. అయిపోయాక పాస్‌వర్డ్ మార్చాలి.

యార్డు అబ్బాయి:

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను.

ముగ్గురికీ ఒకే పరీక్ష చెప్పాను: ఒక తక్‌పట్టీ, 8,000 రూపాయలు, ఒక రోజు పట్టీలు. 60 వేలాయన అంత చిన్న పనికి రానన్నాడు. హైదరాబాద్ వాళ్లు సీజన్ మొదలయ్యే జనవరిలోనే మొత్తం కొత్తదానికి మార్చేస్తాం (గో లైవ్) అన్నారు, నేనే వద్దన్నాను. విజయవాడ ఆయన వచ్చాడు. డెమో చూసి ఆయన మీద పెద్దగా నమ్మకం పెట్టుకోలేదు, కానీ యార్డులో తెల్లవారుజామున కాటా దగ్గర నిలబడి మా గుమాస్తాని అడిగిన మొదటి ప్రశ్న, "ఒకే పేరున్న రైతులు ఇద్దరొస్తే ఎలా గుర్తుపడతారు?" నేనేమీ చెప్పలేదు! రైతు ఖాతాకి ఊరు, తండ్రి పేరు, ఫోన్ తప్పనిసరి చేశాడు. మొదటిసారి చిట్టాతో 412 రూపాయలు తేడా వచ్చింది. వెతికితే తప్పు మా చేతిరాత పట్టీలో ఉంది, హమాలీ రెండుసార్లు కోశాం.

సోర్స్, హక్కు, మార్పుల రేటు అన్నీ రాసుకున్నాం. యార్డు వేసవి సెలవుల్లో పెట్టుకుని, సెలవులయ్యాక రద్దీ లేని నెలల్లో చేత్తో కూడా రాస్తూ రెండూ నడుపుతాం. నాన్నగారు ఒకటే అడిగారు: పట్టీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో రావాలి, రైతు ఎవరినీ అడక్కుండా చదువుకోవాలి. అక్కడే ఇరుక్కున్నాం. మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో తెలుగు పట్టీ చాలా నెమ్మదిగా వస్తోంది.

టీడీఎల్ రాసేవాణ్ణి:

తెలుగు అక్షరాలు దాంట్లో బొమ్మలాగా గీయాలి, అందుకే అంత ఆలస్యం. రోజుకి ఎన్ని పట్టీలు?

యార్డు అబ్బాయి:

సీజన్‌లో 120 దాకా.

టీడీఎల్ రాసేవాణ్ణి:

అయితే దాన్ని పక్కన పెట్టి చిన్న లేజర్ ప్రింటర్ తీసుకోండి. ఏ4 సగం కాగితం సరిపోతుంది. షాపు కాపీకి కార్బన్ ఉండదు కాబట్టి రెండు కాపీలు ప్రింట్ అయ్యేలా ఇప్పుడే చెప్పండి, తర్వాత చెప్తే అదొక కొత్త మార్పు అవుతుంది.