రెజిన్ రిమ్ముల్లో బుడగలు వస్తా ఉండాయి, ఏం చేయాల?

ప్రశ్న (తిరుపతి):
అన్నా, 1/24 సైజులో (అసలు కారులో 24వ వంతు) అంబాసిడర్ కారు మోడల్ చేస్తా ఉండా, దానికి రిమ్ములు నేనే సిలికాన్ మోల్డ్ (రబ్బరు లాంటి అచ్చు) చేసుకొని పాలీయురెథేన్ రెజిన్ (కలిపి పోస్తే గట్టిపడే ద్రవం) పోసినా, 15 అంగుళాల రిమ్ము ఈ స్కేల్‌లో 16 మిల్లీమీటర్లే కదా, మొదటి నాలుగు బ్రహ్మాండంగా వచ్చినాయి, నవంబర్ వానలు పట్టుకున్నాక పోసినవన్నీ లోపల నురగ నురగగా ఉండాయి. డబ్బా అదే, కొలతా అదే.

రిప్లై (చిత్తూరు):
తేమ తమ్ముడూ. పాలీయురెథేన్‌లో ఉండే ఐసోసయనేట్ అనే కెమికల్‌కి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ బుడగలే అవి. పోసిన వెంటనే రెజిన్ డబ్బాకి మూత గట్టిగా పెట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లేసి దాచు. కలిపేదానికి ఐస్‌క్రీం పుల్లలు వాడతా ఉంటే మానెయ్, కట్టె తేమ పీలుస్తుంది, ప్లాస్టిక్ పుల్ల తీసుకో.

ఇంకో రిప్లై:
అవును, అదే. పోసే ముందు మోల్డ్‌లో కొంచెం టాల్కం పౌడర్ చల్లి ఎక్కువైంది దులిపెయ్, సన్న గీతల్లోకి కూడా రెజిన్ బాగా దిగుతుంది. గ్లవుజులు, మాస్కు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు.

అడిగినతను:
పుల్ల సంగతి నాకు తట్టనే లేదన్నా, చాలా థ్యాంక్స్. పాత డబ్బా ఇంక పనికొస్తుందా?

రిప్లై (చిత్తూరు):
కప్పులో కొంచెం కలిపి చూడు. నురగ కడితే ఆ డబ్బా వదిలెయ్, రిమ్ములు పాడు చేసుకోవద్దు.