సోయా ఆకులు జల్లెడలైపోతున్నాయి, మందు కొట్టించాలా ఆగాలా?

నిర్మల్_మారతహళ్లి:
నేను బెంగళూరులో ఉంటా, ఊరు నిర్మల్ జిల్లా. బాపు ఐదెకరాల్లో సోయా వేశాడు, విత్తి నలభై రోజులు, ఇంకా పూత రాలేదు. రాత్రి ఫొటోలు పంపాడు. కొన్ని ఆకుల్లో పచ్చదనమంతా గీరేసినట్టు పోయి ఈనెలే మిగిలాయి, అక్కడక్కడ కొమ్మలు వాడి వేలాడుతున్నాయి. దుకాణంలో మూడు డబ్బాలిచ్చి అన్నీ కలిపి కొట్టమన్నారట. పోయినేడు ఇలాగే కొడితే ఆకులు మాడాయి, పురుగు చావలేదు. నాకిప్పుడు సెలవు దొరకదు, బాగా టెన్షన్‌గా ఉంది. బాపుకి ఏం చెప్పమంటారు?

ఆదిలాబాద్_అన్న:
తమ్ముడూ, ఆ మూడూ కలపనివ్వకు. జల్లెడాకు పొగాకు లద్దె పురుగు పని. తల్లి పురుగు ఆకు మీద గుంపుగా గుడ్లు పెట్టి పైన గోధుమరంగు నూగు కప్పుతుంది, పిల్లలు మొదట్లో ఆ ఒక్క ఆకునే పట్టుకుని గుంపుగా గీకి తింటాయి. అప్పుడే ఆ ఆకు తెంపి సబ్బునీళ్ల బకెట్లో వేస్తే మొత్తం గుంపు పోయినట్టే. పెద్దవైతే పగలు మట్టిపెళ్లల కింద దాక్కుంటాయి, అందుకే పగలు చూస్తే పురుగు కనబడదు, ఆకు మాత్రం తరుగుతుంటుంది. బాపుని చీకటి పడ్డాక టార్చి పట్టుకుని పొమ్మను, బూట్లు మాత్రం తప్పనిసరి, పాముల కాలం. సాలు పక్కన గుడ్డ పరిచి మీటరు పొడవు మొక్కలు దులిపి లెక్కపెట్టాలి, ఐదారు చోట్ల. మీటరుకి మూడు నాలుగు దాటితేనే మందు. పూతకు ముందు సోయా పావు వంతు ఆకు పోయినా కోలుకుంటుంది, కాయ పట్టాక అంత ఓర్చుకోదు.

జీకేవీకే_ఎమ్మెస్సీ:
వాడిన కొమ్మల సంగతి వేరండీ. వాటి మీద చుట్టూ కోసినట్టు రెండు గాట్లు ఉన్నాయేమో చూడమనండి, ఉంటే అది గిర్డిల్ బీటిల్ అనే పెంకు పురుగు. గాట్ల మధ్య గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపల్లోపలే తొలుచుకుంటూ కిందికి పోతుంది. ఒకసారి లోపలికి పోయాక పైన మందు కొట్టి లాభం తక్కువ, కాబట్టి కింది గాటుకి దిగువన తుంచి చేను బయట కాల్చేయాలి. రెండు పురుగులూ లెక్క దాటితే క్లోరాంట్రనిలిప్రోల్ 18.5 ఎస్‌సీ ఎకరాకు 60 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో, అదొక్కటే, సాయంత్రం పూట, మాస్కు కట్టుకుని. లద్దె పురుగు పిల్లలే ఉంటే 5 శాతం వేపగింజల కషాయం చాలు.

బోథ్_రైతుబిడ్డ:
వచ్చే ఏడు గట్ల మీద ఆముదం వేయండి. తల్లి పురుగుకి ఆముదం ఆకంటే ఇష్టం, గుడ్లు ముందు అక్కడే కనబడతాయి. ఇంకోటి, ముసురు పట్టినప్పుడు తెల్లగా బిగుసుకుపోయి తర్వాత ఆకుపచ్చ పొడి పట్టిన పురుగులు కనిపిస్తే వాటిని ఏరేయకండి. అది బూజు, మిగతా పురుగులకీ అంటుతుంది.

నిర్మల్_మారతహళ్లి:
బాపు రాత్రి వెళ్లాడు, వీడియో కాల్‌లో నేనూ చూశా. ఆరు చోట్ల దులిపితే మీటరుకి ఒకటో రెండో. వాడిన కొమ్మ మీద రెండు గాట్లూ స్పష్టంగా ఉన్నాయి, గోరుతో చీలిస్తే లోపల పసుప్పచ్చ పురుగు కదిలింది. సీలు తీయని రెండు డబ్బాలు దుకాణం వాళ్లు వాపసు తీసుకున్నారు. పొద్దున్నుంచి అమ్మా బాపూ కొమ్మలు తుంచుతున్నారు. ఆదివారం మళ్లీ లెక్కపెట్టి ఇక్కడ రాస్తా, అన్నా.