పిల్లవాడి అల్లరికి ఆహార పరీక్ష చేయించడం తగునా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా అబ్బాయికి ఏడేళ్లు. ఏడాదిగా బడిలో ఒకచోట కూర్చోవడం లేదు, ఇంట్లో చిన్న మాటకే నేల మీద పడి దొర్లుతున్నాడు. రథయాత్ర నాడు ఎర్రరంగు ఐసు, పచ్చరంగు మిఠాయి తిని రాత్రి రెండింటి దాకా నిద్రపోలేదు. పాలు తాగితే కడుపు ఉబ్బుతోందని కూడా అంటాడు. ఇంటికి వచ్చి రక్తం తీసుకుపోయే ఒక సంస్థ మనిషి, ఒక్క నమూనాతో 220 పదార్థాలకు ఐజీజీ (రక్తంలోని ఒక రకం ప్రతిరక్షకం) పరీక్ష చేసి ఏవి పడవో తేల్చి చెబుతామంటున్నాడు. 14,000 రూపాయలు అవుతుందట. చేయించాలా వద్దా అన్నదే నా ప్రశ్న. పెంపకం గురించిన సలహాలు ఇప్పటికే కావలసినన్ని అందాయి కనుక అవి వద్దు.

వంశధార (గుణుపురం):
చేయించవద్దమ్మా. ఫలానా తిండిని శరీరం ఎరుగును అనడానికి ఐజీజీ ఒక గుర్తు మాత్రమే. రోజూ అన్నం, పప్పు తినేవాడి రక్తంలో వాటికి ఐజీజీ కనబడితే అది రోగం కాదు, చాలాసార్లు ఆ తిండి ఒంటికి అలవాటైందనడానికే సూచన. ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ పరీక్షతో ఆహార సమస్యలను నిర్ణయించరాదని చెప్పింది, అమెరికా, కెనడా సంఘాలు కూడా ఆ మాటే అన్నాయి. అసలైన అలర్జీకి చూసేది ఐజీఈ అనే ఇంకో ప్రతిరక్షకాన్ని. ఆ అలర్జీ ఉన్నవారికి తిన్న నిమిషాల్లోనో, ఒకటి రెండు గంటల్లోనో దద్దుర్లో, వాంతులో, ఆయాసమో వస్తాయి. మీ వాడికి అలర్జీ లేదు.

నాగావళి (రాయగడ):
పిల్లవాడిని చూడకుండా, ఇంత దూరం నుంచి అలర్జీ లేదని తీర్పు చెప్పగలిగినందుకు వంశధార గారికి నమస్కారం. మా అమ్మాయి మూడేళ్లపాటు విసుగు, ఏడుపు, కడుపునొప్పితో బాధపడింది. చూపించిన ప్రతి వైద్యుడూ నన్ను గాభరా మనిషినని పంపించేశాడు. చివరికి విశాఖపట్నంలో ఒక వైద్యురాలు టీటీజీ అనే రక్తపరీక్ష, ఆపైన ఎండోస్కోపీ చేయించి, గోధుమ పడని సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమ మానిపించిన కొన్ని నెలలకే పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. పరీక్షలు వద్దనేవాళ్ల మాట విని ఉంటే ఈపాటికి ఏమయ్యేదో.

వంశధార:
నేను వద్దన్నది ఐజీజీ. మీకు చేసింది టీటీజీ. రెండూ రక్తపరీక్షలే కదా అని ఒకటి చేసేయకండి. పైగా మీరు వాడిన ‘పడదు’ అన్న మాటతోనే చిక్కంతా వస్తోంది. పాలలోని చక్కెర అరగకపోవడం ఒకటి, పాల మాంసకృత్తికి అలర్జీ వేరొకటి, సీలియాక్ ఇంకొకటి. మూడింటినీ మనం ‘పడదు’ అనే అంటాం.

నాగావళి:
ఒళ్లు మండే తల్లికి మీ నిఘంటువు ఎందుకండీ? పడదంటే పడదు.

కాశీబుగ్గ వాసి:
నులిపురుగుల మందు వేశారా? ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలోనే ఇస్తారు. రాత్రి నిద్రపట్టక దొర్లే పిల్లల విషయంలో ముందు అది చూడాలి.

బరంపురం బాబాయి:
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే, పాఠం అర్థం కానివాడు కదలకుండా ఎలా కూర్చుంటాడు? చెవి పరీక్ష కూడా చేయించండి.

మహేంద్రతనయ:
వాడికి నాకన్నా ఒడియా బాగా వచ్చు బాబాయిగారూ. నేను అడిగింది తిండి గురించి. మరి ఆ రంగుల సంగతి ఎవరూ చెప్పరేం?

వంశధార:
అందులో కొంత నిజం ఉంది. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో మూడేళ్ల పిల్లలు 153 మందికి, ఎనిమిది తొమ్మిదేళ్ల వారు 144 మందికి కొన్ని రంగులు, నిల్వ ఉండటానికి వేసే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాన్ని, అవేవీ లేని పానీయాన్ని మార్చి మార్చి, ఏది ఏదో తెలియకుండా ఇచ్చి చూశారు. రంగులు తాగిన వారాల్లో సగటున చంచలత్వం కొద్దిగా పెరిగింది, అదీ పిల్లలందరిలో ఒకే తీరుగా కాదు. టార్ట్రాజీన్, సన్‌సెట్ ఎల్లో వంటి ఆరు రంగుల్లో ఏదైనా కలిపిన తినుబండారాల మీద ఐరోపాలో 2010 జులై నుంచి హెచ్చరిక ముద్రించవలసి వస్తోంది. అయితే దీనికి రక్తపరీక్ష లేదు, ఉన్న పరీక్ష వంటింట్లోనే ఉంది. రంగు మిఠాయిలను మూడు వారాలు ఆపి, రోజూ నాలుగు మాటలు రాసిపెట్టుకుని, మళ్లీ ఒకసారి ఇచ్చి చూడాలి. ఏ వారం ఆపారో బడిలో ఉపాధ్యాయురాలికి చెప్పకూడదు. చెబితే ఆమె కళ్లకు కూడా పిల్లవాడు బుద్ధిమంతుడిగానే కనిపిస్తాడు. కాగితం చేతికొస్తే సమాధానం దొరికినట్టేనని తల్లులు అనుకోవడం వల్లనే ఇలాంటి సంస్థలు బతుకుతున్నాయి.

నాగావళి:
తల్లులు! తండ్రులు ఏ నోటుపుస్తకం రాశారో, రాత్రి రెండింటికి ఎవరు మేలుకున్నారో కూడా చెప్పండి. నాకు కాగితం లేనంతకాలం మా అత్తవారింట్లో నా మాటను నమ్మినవారు ఒక్కరూ లేరు. కాగితం వచ్చిన మర్నాడు మా మామగారే వంటింట్లో గోధుమపిండి డబ్బా వేరు చేశారు.

మహేంద్రతనయ:
నేను ఇంతవరకు చెప్పని మాట ఇదే. పిల్లవాడు నా గారాబం వల్లనే చెడ్డాడని మా అత్తగారు ఊరంతా చెబుతున్నారు. బడిలోనూ నన్నే పిలిచి కూర్చోబెట్టారు. తప్పు పాలదో రంగుదో అని ఒక కాగితం చెబితే, నాది కాదని తేలుతుంది. ఆ 14,000 దేనికి ఇద్దామనుకున్నానో ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది.

వంశధార:
మీ ఇద్దరి మాటా అర్థమైంది, అయినా నా మాట మారదు. ఎనిమిదేళ్ల కిందట అటువంటి కాగితాన్నే నమ్మి, మా రెండోవాడికి పాలు, గుడ్డు, పెసరపప్పు, గోధుమతో కలిపి 23 పదార్థాలు మానిపించాం. నాలుగు నెలల్లో వాడు మూడు కిలోలు తగ్గాడు, అల్లరి మాత్రం తగ్గలేదు. వద్దని మా ఆవిడ మొత్తుకుంది, కాగితం చూపించి ఆమె నోరు మూయించింది నేను. తరువాత చూపించిన వైద్యుడు వాడి రక్తహీనతకు ఐరన్ ఇచ్చి, నోటితో ఊపిరి తీస్తున్నాడని గమనించి, ముక్కు వెనక పెరిగిన ఎడినాయిడ్స్ అనే కండను తీయించమన్నాడు. నిద్ర కుదుటపడ్డాక పగటి చిరాకు చాలావరకు పోయింది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతిగా కదిలే సమస్య) అని అనుమానం ఉన్నా దానికీ రక్తపరీక్ష లేదు. ఇంట్లోనూ బడిలోనూ, ఆరు నెలలకు తగ్గకుండా లక్షణాలు ఉన్నాయా అని అడిగి తేలుస్తారు. కాగితం ఇంట్లో పెద్దల నోరు మూయిస్తుంది సరే, పిల్లవాడి నోటి ముందరి కంచం కూడా లాగేస్తుంది.

నాగావళి:
మీరు మీ ఆవిడ మాట కాదని కాగితాన్ని నమ్మారు. మా ఇంట్లో నా మాటకు కాగితం తోడైతే తప్ప నమ్మలేదు. ఎటు చూసినా ఇంటి ఆడదాని మాట చెల్లలేదు. దీన్ని మీరు ఐజీజీ గొడవ అంటున్నారు.

వంశధార:
దానికి నా దగ్గర జవాబు లేదు. ఐజీజీ మాత్రం వద్దు.

మహేంద్రతనయ:
ఆ సంస్థ మనిషికి వద్దని చెప్పాను. శుక్రవారం బరంపురంలో పిల్లల వైద్యుడి దగ్గరకు వెళుతున్నాం, ఈసారి వాళ్ల నాన్నను కూడా రమ్మన్నాను. నిద్రలో నోరు తెరుస్తాడా అని మొదటిసారి రాత్రి గమనించాను, తెరుస్తున్నాడు. ఈలోగా గోధుమ కూడా మానిపించి చూద్దామని ఉంది.

నాగావళి:
వద్దు, మానిపించకండి. గోధుమ మానేశాక టీటీజీ చేస్తే జబ్బున్నా లేదని రావచ్చు. మాకు మొదటిసారి అలాగే జరిగి ఏడాది పోయింది. రక్తం ఇచ్చే దాకా రాత్రిపూట చపాతీ పెడుతూనే ఉండండి.

వంశధార:
ఈ మాట మాత్రం నాగావళి గారు చెప్పిందే సరి.