బండి మీద టిఫిను, మరిగిన నూనె, పెరిగిన కొలెస్ట్రాల్

ప్రశ్న: ఏడాదిగా రోజూ ఆర్కే బీచ్‌లో నలభై నిమిషాలు నడుస్తున్నా నా కొలెస్ట్రాల్ తగ్గలేదు. నడక ముగించుకుని ఒక బండి దగ్గర మైసూరు బజ్జీలు తినడం అలవాటు. మొన్న గమనిస్తే మూకుడులోని నూనె డికాషన్ రంగుకు తిరిగి, అంచుల వెంట జిగురుగా నురగ కడుతోంది. ఇలాంటి నూనె గురించి ఎవరికి చెప్పాలి?

సమాధానం 1: అండీ, నూనెను మళ్లీ మళ్లీ కాచిన కొద్దీ అందులో ధ్రువ సమ్మేళనాలు, అంటే నూనె విరిగి చెడిపోయినప్పుడు ఏర్పడే పదార్థాలు, పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి దేశమంతటా అమలులో ఉంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయవచ్చు. అయితే నూనె మంచిదైనా రోజూ బజ్జీలు వద్దండీ.

సమాధానం 2: బండివారిని మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే వాడిన నూనెను పారబోస్తే ఆ రోజు లాభమంతా పోయే పరిస్థితి వారిది. నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎందరో పేదలకు గుండె ఆపరేషన్లు జరిగాయి, కాదనను. కానీ ఆ జబ్బు రాకముందే చేయించుకోవలసిన రక్తపరీక్షలకు, నెలనెలా కొనే మాత్రలకు మాలాంటి వాళ్లం చాలావరకు సొంత డబ్బే పెట్టుకుంటున్నాం. సంస్కరణ అక్కడి నుంచి మొదలుకావాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రేపటి నుంచి ఇంట్లో ఇడ్లీయే. ఫిర్యాదు చేసే ముందు ఆ బండి ఆయనతో ఒకసారి మాట్లాడతాను.