కోవళం నాచులో దొరికిన పురుగులు సిల్లిడే కుటుంబానివేనా?

ప్రశ్న: చెన్నై దగ్గర కోవళంలో రాళ్ల మీది నాచును కడిగినప్పుడు జల్లెడలో 3 మిల్లీమీటర్ల గణుపుల పురుగులు దొరికాయి. ఇవి సిల్లిడే అనే సముద్రపు గణుపుల పురుగుల కుటుంబానివని ఎలా నిర్ధారించాలి?

జవాబు: గొంతు వెనక, పలుచని చర్మంలోంచి పీపా ఆకారపు కండర అవయవం కనిపిస్తుందేమో చూడండి. అడ్డవరుసల్లో చుక్కలు పేర్చినట్టుండే ఆ అవయవమే, 1850లో జర్మన్ జంతుశాస్త్రవేత్త గ్రూబే నెలకొల్పిన ఈ కుటుంబానికి ముఖ్యమైన గుర్తు. పక్కల తంతువులు పూసల దండలా ఉంటే సిల్లినే ఉపకుటుంబం కావచ్చు.

మరో జవాబు: గుడ్లను కూడా గమనించండి. ఇదే కుటుంబంలోని మరో ఉపకుటుంబమైన ఎక్సోగోనినే పురుగులు గుడ్లను ఒంటికే అంటించుకుని మోస్తాయి కాబట్టి, వాటి పిల్లలు ప్రవాహాలతో దూరతీరాలకు చేరడం కష్టం. అయితే ఓడల అడుగున పట్టిన నాచుతో ప్రయాణించగలవు. అయినా ఇక్కడివి వేరే జాతులు కావచ్చు కాబట్టి, యూరప్ జాతుల పేర్లను మన నమూనాలకు తొందరపడి పెట్టడం నాకు సమ్మతం కాదు.

అడిగినవారు: పీపా స్పష్టంగా కనిపించిందండీ. ఒకదాని పొట్ట కింద గుడ్లు వరుసగా ఉన్నాయి.