యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయోటిక్ పొడి వెయ్యాలా, తరవాణి చాలదా?

గుణుపూర్ కోడలు:
మా బాబుకి నాలుగేళ్లు. చెవిపోటుకి డాక్టరు గారు యాంటీబయాటిక్ రాశారు, మూడో రోజు నుంచి రోజుకి నాలుగైదు నీళ్ల విరేచనాలు. జ్వరం లేదు, ఆడుకుంటూనే ఉన్నాడు. మందుల షాపులో చెబితే పది ప్రోబయోటిక్ పొట్లాలు (కడుపుకి మేలు చేస్తాయనే బతికున్న సూక్ష్మజీవుల పొడి) చేతిలో పెట్టి, ఇది నెలంతా వాడితే జలుబు, దగ్గు కూడా రానే రావు అన్నాడు. ఇంటికొచ్చాక బిల్లు చూసి మా అత్తగారు ఒకటే గొడవ, ఇంట్లో తరవాణి (అన్నం పులిసిన నీళ్లు) కుండ ఉండగా పొడికి డబ్బులు పోస్తావా అని. నిజంగా రెండూ ఒకటేనా?

బరంపురం నర్సు:
చెల్లీ, పొడి సంగతి తర్వాత, ముందు ఓఆర్ఎస్ (ఒంట్లో పోయిన నీరు, ఉప్పు తిరిగి నింపే పొడి కలిపిన నీళ్లు) పట్టించు. పొట్లం మీద ఎన్ని నీళ్లు రాస్తే అన్నీ పొయ్యాలి, కొంచెం పొడి కొంచెం నీళ్లు అని అంచనాగా కలపకు. విరేచనాలకి ఇచ్చే జింక్ ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు గారినే అడుగు. యాంటీబయాటిక్ నీ అంతట నువ్వు మానేయకు, రాసినాయనకి ఫోన్ చెయ్యి. రక్తం పడినా, ఉచ్చ తగ్గినా, కళ్లు లోపలికి పోయినా వెంటనే ఆసుపత్రికే.

ఇక పొట్లం వెనక ఏ సూక్ష్మజీవి పేరుందో చూడు. శాకరోమైసిస్ బౌలార్డీ, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, ఈ రెండింటికీ యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాల మీద కాస్త గట్టి రుజువు ఉంది. మొదటిది ఈస్ట్, యాంటీబయాటిక్ దాన్ని చంపదు. రెండోది బ్యాక్టీరియా కాబట్టి మందుకీ దానికీ రెండు గంటలు ఎడం ఉండాలి. ఒకదానికి రుజువుందని పక్క డబ్బాకి కూడా ఉన్నట్టు కాదు, మనవాళ్లు పొరబడేది ఇక్కడే. జలుబులు కొంచెం తగ్గాయన్న పరిశోధనలు ఉన్నాయి గానీ, రానే రావు అన్నది అమ్మకం మాట.

పర్లాకిమిడి మావయ్య:
అమ్మా, మీ అత్తగారిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మనం తరవాణి అంటాం, ఒడియావాళ్లు పఖాళలో (నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం) నీళ్లని తొరాణి అంటారు, మార్చి 20న పఖాళ దినం కూడా చేస్తారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి పులిసేది పులుపు పుట్టించే లాక్టిక్ బ్యాక్టీరియా వల్లే. ఎండాకాలం పొలం నుంచి వచ్చి ఒక చెంబుడు తాగితే ప్రాణం లేచొస్తుంది. కానీ మీ కుండలో ఏ జాతి ఎంత పెరిగిందో, మా కుండలో ఎంతో ఎవరికి తెలుసు? మంచి తిండి అనండి ఒప్పుకుంటా, మందు అంటే మాత్రం ఒప్పుకోను. ఇడ్లీ పిండి కూడా పులిసిందే, ఆవిరి మీద ఉడికాక అందులో బతికుండేది ఏముంటుంది!

రాయగడ 2:
మన ఒడిశా పల్లెల్లోనే పుట్టిన పిల్లలకి ప్రోబయోటిక్ వేస్తే చావులు తగ్గాయట కదా? మా చెల్లికి వచ్చే నెల డెలివరీ, ముందే కొని పెడదామనుకుంటున్నా.

బరంపురం నర్సు:
తమ్ముడూ, ఆగు. 2017లో నేచర్ పత్రికలో వచ్చింది అది, 4,556 మంది పసివాళ్ల మీద. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక రకం, దానికి మేతగా ఒక రకం చక్కెర కలిపి 7 రోజులు ఇచ్చారు. సెప్సిస్ (ఒళ్లంతా పాకి ప్రాణం మీదకి తెచ్చే ఇన్ఫెక్షన్) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది, చిన్న విషయం కాదు. కానీ వాళ్లంతా కనీసం రెండు కిలోల బరువుండి, తల్లిపాలు తాగుతూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. షాపులో దొరికే పొడి ఏదైనా అదే అనుకోకు. నెలలు నిండని పిల్లల విషయంలో 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది, బతికున్న సూక్ష్మజీవే రక్తంలోకి చేరి ప్రాణం మీదకి తేవచ్చని. డాక్టరు చెప్పకుండా పసికందు నోట్లో ఏదీ వెయ్యొద్దు. మొదటి గంటలో తల్లిపాలు పట్టించండి, దానికి బిల్లు కూడా ఉండదు.

గుణుపూర్ కోడలు:
డాక్టరు గారితో మాట్లాడాను, మందు ఇంకో రెండు రోజులే, ఆపక్కర్లేదన్నారు. పొట్లం మీద బౌలార్డీ అనే ఉంది, మందు అయ్యేదాకా వేసి ఆపెయ్యమన్నారు. ఇవాళ రెండే విరేచనాలు, పెరుగన్నం తిన్నాడు. తరవాణి వల్లే తగ్గిందని అత్తగారు వీధంతా చెబుతున్నారు, వాడికి ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. మిగిలే పొట్లాలు షాపువాడు వెనక్కి తీసుకుంటాడంటారా?